హెల్మెట్‌లో పెట్టిన కొత్త నిబంధన

సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. మా ఇంట్లో వంట అవుతన్నా తినాల్సిన మనిషి తినని రోజులు కొన్ని గడిచాయి, అక్కణ్ణించే మొదలెడతాను. మా ఆవిడ సువార్త ముద్ద నోటికాడికి తెచ్చుకుని, మళ్ళీ కంచంలో పెట్టీసి, చెయ్యి కడిగీసుకునేది. బైబిలు ముట్టుకునేది కాదు. పాట లేదు, ప్రార్థన లేదు, ఎవరైనా తలుపు కొడితే లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఆవిడ పుట్టిన కాణ్ణించీ చర్చిలో పెరిగిన మనిషి. నేను దేవుడు లేడనే మనిషిని. అలాంటి నా నెత్తి మీద, ఆవిడని దేవుడికాడికి తిరిగి తీసుకెళ్ళే పని పడింది. అది ఎలాగ జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను, ఎక్కడా పెంచను, ఎందుకంటే పెంచి చెప్పడం వల్లే మా ఇంట్లో ఇదంతా వచ్చింది.

నా పేరు అప్పల్రాజు. మా తాత శ్రీకాకుళం వైపు నించి పనికోసం జంషెడ్‌పూర్ వచ్చీసాడు, మేం ఇక్కడివాళ్ళమే అయిపోయాం, ఇల్లు సీతారాండేరాలో, నా డ్యూటీ గోల్‌మురి వైపు ఒక ఫ్యాక్టరీలో, మెషీన్లు బాగుచేసే ఫిట్టర్ని. మొన్న మన చర్చి యూత్ పిల్లలు నన్ను పట్టుకుని, అంకుల్, దేవుడు లేడనేవాళ్ళు తాము తప్పేమోనని భయపడాలా వద్దా, మీరైతే ఆ వైపు నించి వచ్చారు కదా చెప్పండి అన్నారు. పాస్టరుగారు విని, ఈవేళ అందరి ముందూ సాక్ష్యంలోనే చెప్పీ అన్నారు. సరే, చెప్తాను.

ముందు ఒక మాట. ఏ కష్టమొచ్చి దేవుడి మీద కోపం తెచ్చుకున్నావు అని చాలామంది నన్ను అడిగారు. ఏ కష్టమూ రాలేదు. ఎవరి మీదా కోపమూ లేదు. కనబడలేదు, కాబట్టి ఉన్నాడనలేదు, అంతే. చర్చి గేటు వరకూ సువార్తని స్కూటర్ మీద దింపేవాణ్ణి, టీ తాగి వచ్చీవాణ్ణి. మాది మనసు కలిసి చేసుకున్న పెళ్ళి, రెండు వైపులా పెద్దలు కొన్నాళ్ళు మూతులు ముడుచుకుని, మా పింకీ పుట్టాక వాళ్ళే ఎత్తుకుని తిరిగారు. ఇంట్లో గొడవ ఏటీ లేదు, ఒక్క ఆదివారం మధ్యాన్నం తప్ప. భోజనాల కాడ ఆవిడ మొదలెట్టేది. "మీరు తప్పయితే ఏటండీ? దేవుడు లేకపోతే నమ్మినందుకు నాకు పోయేదేటీ లేదు. ఉన్నాడనుకోండి, మీకు అంతా పోతాది. నాకోసమైనా ఒక్కసారి నమ్మీసానని అనీయండి." ఆ మాట అంటన్నప్పుడు ఆవిడ నిజంగానే నన్ను నరకంలో ఊహించుకునేది పాపం. నేనేమో నవ్వీసి, "ఏదైనా మీద పడతాదేమోనని భయానికి పెట్టుకునేది హెల్మెట్టు, దేవుణ్ణి అలాగ పెట్టుకుంటారా" అనేవాణ్ణి.

ఆ మాటే ఆవిడ పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్న ఫ్యాక్టరీలో హెల్మెట్ పెట్టుకుంటే కాస్త ఎత్తుగా కూచున్నట్టయింది. తీసి చూత్తే లోపలి పట్టీలకీ పైన డిప్పకీ మధ్య ఒక చిన్న కొత్త నిబంధన పుస్తకం, బైబిల్లో ఆ భాగం ఒక్కటే, అరచేతిలో పట్టేది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి నీటుగా దూర్చి ఉంది. ప్లాంట్‌లో పనిచేసేవాళ్ళకి తెలుసు, తెలీనివాళ్ళకి చెప్తాను. హెల్మెట్‌లో పట్టీలకీ డిప్పకీ మధ్య ఖాళీ ఊరికే వదల్లేదు. పైనించి ఏదైనా పడితే ఆ దెబ్బ ఆ ఖాళీలోనే ఆగాలి, నెత్తికి తగలకూడదు. అందులో రుమాలు దాచుకున్నా సూపర్‌వైజర్ తిట్టి బయటికి పంపిత్తాడు. మరి ఇంట్లో ఆడవాళ్ళకి ఇది ఎవరు చెప్తారు, ఆవిడకేమో అది ఖాళీగా ఉన్న జాగాలాగ కనబడింది, దేవుడి వాక్యం నెత్తి మీద ఉంటే మనిషికి ఏటీ అవ్వదనుకుంది. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం తీసి లాకర్లో పడీసి, సాయంత్రం ఇంటికెళ్ళి చెప్తాను దీని పని అనుకుని లోపలికెళ్ళాను.

ఆ షిఫ్టులోనే, నేను కన్వేయర్ కింద ఉండగా, పైన పనిచేస్తన్న మనిషి చేతిలోంచి పెద్ద పానా జారి సరిగ్గా నా నెత్తి మీద పడింది. హెల్మెట్ పగిలిపోయింది. మెడ బెణికింది, కళ్ళు బైర్లు కమ్మాయి, అంతకు మించి ఏటీ అవ్వలేదు. ఆస్పత్రిలో మెడకి పట్టీ కట్టి, రెస్టు తీసుకోమని ఇంటికి పంపారు.

నేను ఇంటికొచ్చేసరికి సంఘం ఆడవాళ్ళు మా హాల్లో చాప మీద కూచుని పాటలు పాడతన్నారు. సువార్త అందరికీ చెప్పీసింది. నేను వాక్యం హెల్మెట్‌లో పెట్టాను, వాక్యమే మా ఆయన్ని కాసింది అని. అవునన్నవాళ్ళే గాని, పుస్తకం ఏదీ, చూపించు అన్నవాళ్ళు ఒక్కరు లేరు. జుగ్సలాయి నించి మా బంధువులు కూడా ఆ మాట విని వచ్చీసారు. నాకు తల తిరుగుతంది, మాట్లాడే ఓపిక లేదు, ఊరుకున్నాను. ఆ వారంలోనే మా ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టారు. సువార్త లేచి సాక్ష్యం చెప్పింది, చెప్తా చెప్తా ఏడ్చింది, అందరూ దేవునికే మహిమ అన్నారు. చివరికి, అన్నయ్యగారూ, ఇప్పటికైనా ఒప్పుకుంటారా అని ఒక అక్క నన్ను అడిగింది.

ఫ్యాక్టరీవాళ్ళు లాకర్లోంచి తీసి ఇంటికి పంపిన నా డ్యూటీ బ్యాగులోంచి ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. కవరు మీద గీత కూడా లేదు. "ఇది లాకర్లో ఉంది. పొద్దున్నే తీసీసాను, అందుకే బతికాను. ఇది నెత్తి మీద ఉండి ఉంటే మీరు పెట్టేది కృతజ్ఞత కూటం కాదు, నేను పోయినందుకు ఆదరణ కూటం" అన్నాను. హెల్మెట్ లోపల ఖాళీ ఎందుకుంటాదో కూడా విడమరిచి చెప్పాను. నేను చెప్పింది నిజం, ఈ రోజుకీ నిజమే అంటాను, పాస్టరుగారి ముందే అంటన్నాను.

సువార్త ఏడవలేదు. లేచి అందరికీ ఉప్మా పెట్టింది, టీ ఇచ్చింది, ప్లేట్లు తీసింది. అందరూ వెళ్ళాక, "నేనే చంపీబోయాను మిమ్మల్ని" అంది. కాదే అన్నాను. "నమ్మకంతో పెట్టానేటి? భయంతో పెట్టాను. ఇన్నేళ్ళూ నేను చేసింది భయపడడమే. దేవుడికి తెలీదేటి ఆ సంగతి?" అంది. లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది. మర్నాటి నించి నేను మొదట చెప్పిన ఆ రోజులు వచ్చీసాయి.

ఎన్నో ఏళ్ళ వాదన నేను గెలిచీసాను సహోదరులారా, సాక్షుల ముందు, రుజువుతో సహా గెలిచాను. మా పింకీ కాలేజీ నించి వచ్చి వాళ్ళమ్మని చూసి, నా వైపు తిరిగి, "పాపా, ఆప్ జీత్ గయే. అబ్ ఖుష్ హో?" అంది. గెలిచారు కదా, ఇప్పుడు సంతోషమేనా అని. దాని మొహం చూడలేకపోయాను. డాక్టరు కాడికి తీసుకెళ్ళాం, మాత్రలిచ్చారు, కడుపులోకి ఏదో ఒకటి వెళ్ళకపోతే కష్టమన్నారు. సంఘంవాళ్ళు వచ్చారు. ఒకరు ఇది శోధన, దేవుడు పెట్టిన పరీక్ష అన్నారు, ఒకరు అవిశ్వాసిని చేసుకున్నందుకు అన్నారు, వాళ్ళు వెళ్ళాక సువార్త ఇంకా కుంచించుకుపోయేది. నడుంకి చీర నిలవనంతగా చిక్కిపోయింది. ఈ మనిషి నాకు దక్కదేమో అని నాకు భయమేసింది. నరకం అంటే ఎప్పుడూ వెయ్యని భయం.

ఒక మధ్యాన్నం నేనే చారు పెట్టి, అన్నం కలిపి తీసుకెళ్ళాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "ప్రార్థన చేసుకుంటే తింటావేటే, చేసుకో మరి" అన్నాను. "నాకు మాట రావట్లేదు, మీరు చెయ్యండి" అంది. నేను నమ్మను కదే అన్నాను. "తెలుసు. ఈ ఇంట్లో అబద్ధం చెప్పనిది మీరొక్కరే. మీకు తెలిసిందే చెప్పండి" అంది.

నాకు ప్రార్థన తెలీదు. నాకు తెలిసింది షిఫ్టు మారేటప్పుడు చార్జి అప్పగించడం. వచ్చినోడికి ఏ మెషీను నడుస్తంది, ఏది ఆగింది, ఏది నాకు అర్థం కాలేదు అన్నీ చెప్పాలి, దాచితే వాడి ప్రాణం మీదికి వత్తాది. అలాగే చెప్పాను. కంచం చేత్తో పట్టుకుని, కళ్ళు తెరిచే చెప్పాను.

"ఉన్నావో లేదో నాకు తెలీదు. ఉన్నావని అంటే అబద్ధమవుతాది, అబద్ధంతో మొదలెట్టను. తెలిసింది చెప్తన్నాను. ఈమె పేరు సువార్త. తిండి మానీసింది. నిద్ర లేదు. నన్ను చంపీబోయాననుకుంటంది, అది నిజం కాదు, నేను బతికే ఉన్నాను, పక్కనే కూచున్నాను. మందులిచ్చాను, మాటలు చెప్పాను, నాకొచ్చిన పనులన్నీ చేసీసాను, ఏదీ పనిచెయ్యలేదు. ఎక్కడ పాడైందో నాకు దొరకట్లేదు. నువ్వుంటే, నీకు తెలిత్తే, నువ్వు చూడు. నేను వెళ్ళిపోను, ఇక్కడే ఉంటాను, గాని నా ఒక్కడి వల్ల అవ్వట్లేదు."

అక్కడితో ఆపీసాను. ఆవిడ, ఆమేన్ అనరేటి అంది. అనడం తెలీదన్నాను. తనే అంది ఆమేన్ అని. లేచి కూచుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, "చారులో ఉప్పు మర్చిపోయారు" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను, ఎందుకేడ్చానో అప్పుడు తెలీలేదు.

ఇది అద్భుతమని నేను అనను. మాత్రలు కూడా అప్పటికి పట్టుంటాయి, డాక్టరుగారు అదే అన్నారు. నేను కాదనను. మర్నాడు కూడా ఆవిడ మీరే చెప్పండి అంది, మళ్ళీ చెప్పాను, ఈవేళ ఇడ్లీ తింది, ఈవేళ స్నానం చేసింది, ఈవేళ మళ్ళీ వెనక్కి వెళ్ళింది అని, ఉన్నవి ఉన్నట్టు. రోజూ అదే పని. మెడ పట్టీ తీసీసాను, డ్యూటీకి వెళ్తన్నాను, ఆవిడ నెమ్మదిగా తిరగడం మొదలెట్టింది. ఒక పొద్దున్న పింకీని తీసుకుని కూరగాయలకి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కణ్ణే. వంటింట్లో టీ కాచుకుంటా మాట్లాడతన్నాను. ఏవయ్యా, నిన్న ఈమె నవ్వింది, చూసావా అంటన్నాను. అంటా అంటా ఆగాను. ఎవరితో మాట్లాడతన్నాను నేను? వినాల్సిన సువార్త ఇంట్లో లేదు. చెప్పమని అడిగినవాళ్ళు లేరు. టీ పొంగిపోయింది. స్టవ్ ఆపి అక్కడే కుర్చీలో కూచున్నాను. ఉన్నావు కదా నువ్వు, అన్నాను. అదే సహోదరులారా నా మారుమనసు, వెలుగూ లేదు, స్వరమూ లేదు, పొంగిన టీ ఉంది, దేవునికే మహిమ.

సువార్తకి చెప్తే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఎవరికీ చెప్పకండి, మళ్ళీ కూటం పెట్టీత్తారు" అంది. తర్వాత ఖర్కాయి నదిలో బాప్తిస్మం తీసుకున్నాను, మీలో చాలామంది ఒడ్డు మీద ఉన్నారు.

ఇప్పుడు పిల్లలు అడిగినదానికి వత్తాను. దేవుడు లేడనేవాడు తప్పేమోనని భయపడాలా? తప్పు కావచ్చని ఆలోచించాలి, అది ఎవరికైనా మంచిదే, నమ్మినవాళ్ళకీ మంచిదే. భయపడక్కర్లేదు. ఉన్నావో లేదో తెలీదన్నవాడి మాట విన్నాడాయన, కళ్ళు కూడా మూసుకోని వాడి మాట విన్నాడు. భయపడి నమ్మానని నేను ఆ ఆదివారాల్లో అనీసుంటే, ఆ రోజు సువార్త పక్కన కూచుని నిజం చెప్పేవాడు ఆ ఇంట్లో ఉండేవాడు కాదు. మీ ఇంట్లో నమ్మనివాళ్ళుంటే నరకం చెప్పి బెదిరించకండి. బెదిరిత్తే వాళ్ళు మారరు, బెదిరించే మీరు మాత్రం లోపల చిక్కిపోతారు, మా ఇంట్లో నేను చూసాను. నమ్మకం రానివాళ్ళు ఎవరైనా ఇక్కడ కూచుని ఉంటే, రావట్లేదనే ఆయనకి చెప్పండి. తెలిసింది చెప్పండి, తెలీనిది తెలీదనండి. మీ బరువు ఆయన మీద పెట్టీయండి, మోత్తాడు. నాది మోసాడు.

మీలో కొందరు ఇందాకణ్ణించీ ఆడవాళ్ళ వైపు చూస్తన్నారు, సువార్త ఎక్కడని. రాలేదు. ఆవిడకి అలాంటి రోజులు ఇంకా అప్పుడప్పుడు వత్తాయి. ఈవేళ పొద్దున్న చీర కూడా తీసిపెట్టుకుని, మళ్ళీ మంచం మీద కూచుండిపోయి, "ఈవేళ నాకు నమ్మకం రావట్లేదండీ, మీరెళ్ళండి, నా బదులు మీరు కూచోండి" అంది. అందుకే ఒక్కణ్ణే వచ్చాను, ఆవిడ ఎప్పుడూ కూచునే ఆ చివర బెంచీ పక్కన, మగవాళ్ళ వైపు, ఆవిడ కోసమని కూచున్నాను. ఆవిడ కోసం ప్రార్థన చెయ్యండి. మధ్యాన్నం మా ఇంటికి రాదలుచుకున్నవాళ్ళు రండి, వంట నేను చేసి వచ్చాను. వచ్చి నమ్ముతన్నావా అని మాత్రం అడక్కండి. పక్కన కూచుని, ఆవిడతో పాటు తినండి, చాలు.