పోని మెయిళ్ళు, తొందర సాక్ష్యం

ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో ‘కంప్యూటర్ వచ్చిన అమ్మాయి’ అంటే నర్సమ్మకి ఒక మెట్టు పైన, టీచరమ్మకి ఒక మెట్టు కింద. డిగ్రీ అయ్యాక చిలకలూరిపేటలో మూడు నెలల కోర్సు చేసి, మార్టూరు దగ్గర హైవే పక్కన ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో చేరిన నాకు ఆ మెట్టు మీద నిలబడటం చాలా ఇష్టంగా ఉండేది. (దేవుడు గర్విష్ఠులను ఇష్టపడడని మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు నేర్పేదాన్ని కూడా నేనే. ఆ పాఠాన్ని మాత్రం పక్కింటివాళ్ళ గురించి చెబుతున్నట్టు చెప్పేదాన్ని.) మా అమ్మ మిరపకోతలకు వెళ్ళిన చేలన్నిటిలోనూ, మా పిల్ల విదేశాలకు ఉత్తరాలు కొడుతుందని చెప్పుకునేది. నేను కొట్టేదల్లా రాతి పలకల పొడవు, వెడల్పు, మందం. అయినా అమ్మ మాటను నేనెప్పుడూ సరిచేయలేదు.

చేరిన రెండో నెలలో ఆ చెత్త మెయిళ్ళు మొదలయ్యాయి. లాటరీ తగిలిందని కొన్ని, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామని కొన్ని, పొట్ట కరిగిస్తామని కొన్ని, సంఘంలో పేరు చెప్పడానికి కూడా వీల్లేని బొమ్మలతో ఇంకొన్ని. మొత్తం నలభై మూడు. అన్నిటినీ ఎంచి డిలీట్ నొక్కితే బుద్ధిగా మాయమయ్యేవి. మెయిల్ ప్రోగ్రామ్ మూసి మళ్ళీ తెరిస్తే, ఎక్కడివక్కడే, అదే వరసలో కూర్చుని ఉండేవి. కంప్యూటర్ తెరేమో సరిగ్గా ఆఫీసు గుమ్మం వైపు తిరిగి ఉండేది. రాయి కొనడానికి వచ్చినవాళ్ళకు ముందు కనబడేది అదే. మా యజమానిని అందరం సారు అనేవాళ్ళం. నెమ్మదస్తుడు. వారం రోజులు చూసి ఒక పూట అన్నాడు: “ఏందమ్మా ఇది, వచ్చినోళ్ళు రాయి చూడటం మానేసి దీన్నే చూస్తన్నారు. నీకు రాకపోతే చెప్పు, చీరాల నుంచి ఎవర్నన్నా పిలిపిస్తా.”

‘రాకపోతే’ అన్న ఆ ఒక్క మాట నన్ను పొడిచింది. నాకు తెలిసిన మీటలన్నీ నొక్కాను. తెలియనివి కూడా నొక్కాను. చివరికి మా ఇంట్లో ఏది తెమలకపోయినా చేసే పనే చేశాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మనవి చీటీ రాసి పెట్టెలో వేశాను. పాస్టరుగారు చీటీలు గట్టిగా చదువుతారు. ఒకరి పెళ్ళి సంబంధం, ఒకరి పాడిగేదె, వాటి తర్వాత నాది: “మన సహోదరి ఆఫీసు కంప్యూటర్‌లో నలభై మూడు చెడ్డ మెయిళ్ళు డిలీట్ అవడం లేదు. ప్రార్థించండి.” ఆయన చదివే గొంతులో ఏ తేడా లేదు. జనం కూడా గేదె కోసం ఎంత గట్టిగా ప్రార్థించారో నా మెయిళ్ళ కోసమూ అంతే గట్టిగా ప్రార్థించారు. మెయిల్ అంటే ఏమిటో తెలియని ముసలమ్మలు సైతం కొంగు నెత్తిన కప్పుకుని, వాటిని గద్దించారు. నాకు కన్నీళ్ళొచ్చాయి.

శనివారం ఆఫీసు కట్టేసే వేళకు కళ్ళు మూసుకుని, ఒక మాట అనుకుని, డిలీట్ నొక్కాను. మాయమయ్యాయి. ఇప్పుడు చేయవలసిన పని ఒక్కటే, మూసి తెరిచి చూసుకోవడం. చెయ్యి మౌస్ దాకా వెళ్ళింది. అంతలో మనసు నిలదీసింది: అంతమంది ఉపవాసముండి ప్రార్థించాక కూడా తెరిచి చూస్తావా, అది అనుమానం కాదూ? నిజమే అనిపించింది. దేవుణ్ణి పరీక్షించకూడదు కదా. చూడకుండానే కంప్యూటర్ ఆపేసి ఆటో ఎక్కాను. (ఈ ముక్క చదివి కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు తల పట్టుకుంటారని నాకు తెలుసు. నమ్మకం ఉన్నవాళ్ళు మాత్రం కాస్త ఆలోచిస్తారు.)

ఆదివారం పాస్టరుగారు దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడగడం ఆలస్యం, లేచాను. అందరికీ వందనాలు చెప్పి, నలభై మూడూ పోయాయని, ఒక్కటి కూడా మిగలలేదని చెప్పాను. స్తోత్రం అన్న మాట రేకుల కప్పు అదిరేలా వినిపించింది. మా అమ్మ ముందు వరసలో కూర్చుని, తనే డిలీట్ నొక్కినట్టు తల ఊపింది.

సోమవారం ఉదయం కంప్యూటర్ తెరిస్తే యాభై ఒకటి ఉన్నాయి. ఒకసారి వెళ్ళగొట్టిన దయ్యం, ఊడ్చి సర్దిన ఇంటికి తన తోటి దయ్యాలను వెంటేసుకుని తిరిగొచ్చిందన్న వాక్యం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగం విన్నాను. లెక్కతో సహా కళ్ళారా చూడటం మాత్రం అదే మొదటిసారి. సారు చీరాల నుంచి మనిషిని పిలిపిస్తాడన్న బెంగ ఆ క్షణంలోనే ఎగిరిపోయింది. దాని చోట ఇంకోటి కూర్చుంది. నేను దేవుని మందిరంలో నిలబడి, జరగనిది జరిగిందని సాక్ష్యం చెప్పాను. అబద్ధ సాక్ష్యం పలకకూడదని సండే స్కూల్లో వేళ్ళు మడిచి పిల్లలకు లెక్కపెట్టి నేర్పే నోటితోనే చెప్పాను. వచ్చే ఆదివారం లోపల వీటిని నిజంగా పోగొట్టాలి. లేదంటే అదే చోట నిలబడి, పోలేదని ఒప్పుకోవాలి. పోగొట్టినా ఒప్పుకోక తప్పదని మనసు లోలోపల గొణుగుతూనే ఉంది. నేను వినిపించుకోలేదు.

మూడు రోజులు అన్నం సయించలేదు. గురువారం మధ్యాహ్నం షెడ్డులో మిషన్లు ఆగిపోయి, కేకలు వినపడితే బయటికెళ్ళాను. రాయిని పాలిష్ పట్టేటప్పుడు నీళ్ళతో కలిసి బూడిద రంగు బురద కారుతుంది. అది కాలువ గుండా వెనకనున్న తొట్టిలోకి పోయి పేరుకుంటుంది. ఆ రోజు ఆ బురదంతా షెడ్డు నేల మీదికి ఎదురు తన్ని, చీలమండల లోతున నిలబడింది. కుర్ర పనివాడొకడు పారతో దాన్ని కాలువలోకి తోస్తున్నాడు. తోసినంతా మళ్ళీ వెనక్కి వస్తోంది. మిషన్ నడిపే పెద్దాయన్ని అందరం పాలిష్ బాబాయి అనేవాళ్ళం. ఆయన గట్టు మీద చుట్ట కాల్చుకుంటూ వాణ్ణి కాసేపు చూశాడు.

“ఒరేయ్, ఎంతసేపు తోస్తావురా? అవతల తొట్టి నిండిపోయింది. ముందు దాన్ని ఎత్తిపోయించండి. దానికి పోవడానికి చోటుంటే అదే పోద్ది.”

వాడికి అర్థమయిందో లేదో గానీ నాకు అర్థమయింది. కాళ్ళకంటిన బురదతోనే ఆఫీసులోకి పరుగెత్తాను. డిలీట్ చేసిన మెయిల్ ఎక్కడికి పోతుందని నేను అంతవరకూ ఆలోచించనే లేదు. ఆకాశంలో కలిసిపోతుందనుకున్నాను. అది పోయేది ఆ ప్రోగ్రామ్‌లోనే ఉన్న చెత్తబుట్టలోకి. ఆ కంప్యూటర్ కొన్ననాటి నుంచీ ఆ బుట్టను ఖాళీ చేసినవాళ్ళు లేరు. దాని ఫైలు ఎంత ఉందో వెతికి చూస్తే, మిగతా ఆఫీసు పనంతా కలిపినా అందులో సగం లేదు. ఖాళీ చేయమని నొక్కితే, మోయలేని బరువు ఎత్తబోయినట్టు ప్రోగ్రామ్ బిగుసుకుపోతోంది. బుట్టలో చోటు లేక, కొత్త చెత్త గుమ్మం దాకా వెళ్ళి తిరిగొస్తోందన్నమాట.

సారుని అడిగాను, ఆ బుట్టలో మీకు కావలసినవేమైనా ఉన్నాయా అని. చెత్తబుట్టలో కావలసినవి దాచుకునేవాళ్ళు ఉంటారా అని ఆయన నవ్వాడు. అయినా జాగ్రత్త కోసం ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ప్రోగ్రామ్ మూసి, అసలు ఫైలును దాని చోటు నుంచి తీసేశాను. మళ్ళీ తెరిస్తే, అది తనంతట తనే కొత్త బుట్ట ఒకటి చేసుకుంది, ఖాళీది. యాభై ఒక్కటినీ ఎంచి డిలీట్ నొక్కాను. పోయాయి. మూసి తెరిచాను. లేవు. ఈసారి ఏ మొహమాటమూ పెట్టుకోలేదు. ఏడుసార్లు మూశాను, ఏడుసార్లు తెరిచాను. (బైబిల్లో యెరికో గోడ కూలేముందు దాని చుట్టూ తిరిగింది కూడా ఏడుసార్లే కదా అని సర్దిచెప్పుకున్నాను.) సారు వచ్చి నా వెనక నిలబడి, తెర వంక చూసి, “బాగుంది” అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చేది మేలురకం నల్లరాయిని చూసినప్పుడే.

ఆదివారం అందరి ముందూ లేచాను. “పోయిన వారం నేను చెప్పింది నిజం కాదండి,” అన్నాను. “అవి పోలేదు. తెరిచి చూసుకోకుండానే పోయాయని చెప్పాను.” మా అమ్మ తల దించుకుంది. అక్కడితో ఆపి కూర్చుంటే సరిపోయేది. కానీ గురువారం నాటి సంతోషం లోపల కుతకుతలాడుతోంది. తొట్టి నిండటం, బుట్ట నిండటం, ఫైలు ఎక్కడ దాక్కుంది, ఎలా తీశాను, ఎన్నిసార్లు తెరిచి చూశాను, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. అంతా అయ్యాక, “ఆ తొట్టిని నాకు చూపించింది మాత్రం దేవుడేనండి” అని కూర్చున్నాను.

స్తోత్రం అని ఎవరూ అనలేదు. వెనక వరసలో ఒక పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది. “నేను కూడా పోయిన నెల మోకాలినొప్పి తగ్గిందని చెప్పా గదయ్యా,” అంది పాస్టరుగారితో. “తగ్గలేదు. అందరూ అంత బాగా ప్రార్థన చేశారు గదా, తగ్గలేదంటే ఏం బాగుంటది అని చెప్పా.” ఆమె కూర్చునేలోపు ఇంకొకాయన లేచాడు. చుట్ట మానేశానని క్రిస్మస్‌కి సాక్ష్యం చెప్పిన మనిషి, జేబులోంచి చుట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత మరో ఇద్దరు. ఆరాధన ఒంటిగంటకు గానీ ముగియలేదు. పెద్దమ్మ మోకాలి కోసం ఆ వేళ మళ్ళీ ప్రార్థించాం. మర్నాడు పాస్టరుగారే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం గుమ్మం దగ్గర పాస్టరుగారు నన్ను ఆపి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ అడిగారు: “అమ్మా, ఇందాక నువ్వు చెప్పింది ఒప్పుకోలా, గొప్పలా?”

“రెండూనండి,” అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. ఇన్నేళ్ళయింది. ఇప్పుడు నేనూ ఆ సంఘంలో పెద్దల్లో ఒకదాన్ని. అదే ప్రశ్న ఇవాళ ఎవరైనా అడిగితే తల వంచుకుని, వినయంగా, ‘ఒప్పుకోలు మాత్రమేనండి’ అంటాను. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల చెప్పిందే నిజం.