ఆటోలు ఆపిన ఊరు

ఉదయం ఆరుంబావుకు ప్రొద్దుటూరులో బస్సెక్కాను. ముద్దనూరు మీదుగా నేరుగా పులివెందుల పోవచ్చు గానీ, నాకు జమ్మలమడుగులో ఒక పని ఉంది. వ్యాసం రాయడానికి వస్తున్న నన్ను, అక్కడి బడి నుంచి ఒక మంచి మైకు అరువు తెచ్చిపెట్టమని సుగుణ టీచర్ అడిగింది.

పులివెందుల అవతల ఒక పల్లెలో ఆమె సైన్సు చెబుతుంది. ఆ రోజు పదిన్నరకు ఆమె పిల్లలు అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో వీడియోలో మాట్లాడాలి. రెండు నెలలుగా దానికోసమే ఆమె తంటాలు. పోయినవారం రిహార్సల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా ఆడేసరికి వోల్టేజీ పడిపోయి, ఊరి మొదట్లోని నెట్ పెట్టె ఆగిపోయింది. ఈసారి పదింబావుకల్లా బొమ్మ నిలకడగా రాకపోతే ఆ అవకాశం వేరే బడికి పోతుందని నిర్వాహకులు తేల్చేశారు. "ఊరికి మైకులో చెప్పించినాను సార్, ఈసారి దిగుల్లేదు" అని ఫోనులో ధీమాగా అంది.

బడి కాపలాదారు దగ్గర మైకు తీసుకుని, జమ్మలమడుగు బస్టాండు ఎదుట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఈ దారిన వచ్చేవాళ్లు అది తినకుండా కదలొద్దు. ఏడున్నర బస్సులో పక్కసీటు పెద్దామె నా అట్టపెట్టెను తట్టి చూసింది.

"ఏందప్పా ఇది?"

"మైకు. ఆకాశంలో ఉన్నవాళ్లతో పిల్లలు మాట్లాడేదానికి."

"అట్లయితే వాన యెప్పుడొస్తాదో అడగమను. మబ్బులు వాళ్లకే కదా కనపడేది" అని కండ్లు మూసుకుంది.

తొమ్మిదింటికి పులివెందులలో దిగి షేర్ ఆటో ఎక్కాను. రోడ్డుకు రెండువైపులా ఇక్కడ చీనీ అనే బత్తాయి తోటలు, అరటి తోటలు. ఊరి పొలిమేరలో డ్రైవరు బండి ఆపేశాడు.

"ఈపొద్దు ఊర్లోకి ఆటోలు బందు సార్. టీచరమ్మ చెప్పించినాదంట."

ఇద్దరు రైతులు దారికి అడ్డంగా కట్టిన తాడు దగ్గర కాపలా కూర్చుని ఉన్నారు. శబ్దం రాకుండా ఎంత జాగ్రత్త అనుకుంటూ మైకు చంకన పెట్టుకుని నడిచాను.

బడి గదిలో పిల్లల వెనక ఊరి పెద్దలంతా చేరారు. తెర మీద నిర్వాహకుల గదిలోని ఒక ఖాళీ కుర్చీ, పక్కన గడియారం. మొదటి ప్రశ్న ఎనిమిదో తరగతి హసీనాది. కాగితం చూడకుండా ఇంగ్లీషులో గొణుక్కుంటోంది. పది దాటి రెండు నిమిషాలకు పొలాలకు త్రీఫేజ్ కరెంటు వచ్చి బోర్లన్నీ హోరందుకున్నాయి. ఫ్యాను నెమ్మదించింది. తెర నల్లబడింది.

టీచర్ వెనక్కి తిరిగింది. "ఆటోలు ఆపమంటి కదా మామా!"

"ఆపినాం కదమ్మా! పొద్దన్నుంచి ఒక్క ఆటోను రానీలే!" అన్నాడు గంగిరెడ్డి. పెద్ద చీనీ తోట ఆయనది.

"ఆ ఆటోలు కాదు మామా, మోటార్ల ఆటోలు!"

కరెంటు రాగానే బోరు మోటారు దానంతట అదే నడిచేలా బిగించే పెట్టెనూ ఇక్కడ ఆటో అనే అంటారు.

"పోయినసారి ఆటో హారను గోలని నువ్వే గదా తిట్టింటివి!" అంటూనే ఆయన పంచె ఎగ్గట్టాడు. "యాడున్నారప్పా అందరూ? లెయ్యండి, బండ్లు తియ్యండి!"

రైతులంతా మోటారు సైకిళ్ల మీద తలో దిక్కుకు దూసుకుపోయారు. గదిలో హసీనా ఇంకా గొణుగుతూనే ఉంది. కిటికీలోంచి వినిపిస్తున్న బోర్ల హోరు ఒక్కో తోటలో ఆగుతూ వచ్చింది. పదీ పదమూడుకు ఫ్యాను జోరందుకుంది. తెర వెలిగింది. అవతలి నుంచి "మీరు స్పష్టంగా కనిపిస్తున్నారు" అన్న మాట వినగానే టీచర్ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

పదిన్నరకు తెర మీద ఇద్దరు మనుషులు తేలుతూ కనిపించారు. హసీనా మైకు పట్టుకుంది. అంతసేపు వల్లించిన ఇంగ్లీషు ఒక్క ముక్కా రాలేదు.

"మీకు ఆడ నీళ్లు యాడ నుంచి వస్తాయి?" అనేసింది.

టీచర్ ఇంగ్లీషులో చెప్పింది. చెమట, ఊపిరిలోని తేమ, మూత్రం అన్నీ శుద్ధి చేసి మళ్లీ తాగుతామని, చుక్క కూడా వృథా కానివ్వమని జవాబొచ్చింది. అది తెలుగులో వినగానే, చెమటతో అప్పుడే లోపలికొచ్చిన గంగిరెడ్డి, "అబ్బా! మనకంటే శానా కరువులో ఉండారే పాపం!" అన్నాడు. గది గొల్లుమంది. టీచర్ ఆ మాటా పైకి చెప్పేసింది. వ్యోమగాముల్లో ఒకామె నవ్వుతూ గాలిలో తలకిందులైంది. బస్సులోని పెద్దామె తరఫున నేను వాన గురించి అడిగిస్తే, మబ్బులు కనిపిస్తాయి గానీ తేదీ చెప్పలేమన్నారు.

పదకొండుకు బయల్దేరాను. పొలిమేరలో డ్రైవరు ఇంకా కాచుకుని ఉన్నాడు.

"ఇంక ఆటోలు ఇడిచిపెట్టొచ్చా సార్?"

"రెండు రకాలూ" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. చెబుతుండగానే వెనక తోటల్లో మోటార్లు ఒక్కొక్కటే అందుకున్నాయి. బడి నుంచి నాతోపాటే వచ్చి తాడు విప్పుతున్న రైతు తల పైకెత్తి ఆకాశం వైపు చూశాడు. ఈ సీమలో రైతులు వాన కోసం పైకి చూడటం ఎన్నోసార్లు రాశాను. పలకరించినవాళ్లను చూసినట్టు చూడటం మాత్రం అదే మొదటిసారి.