యరమరస్‌లో వంగనారు పాఠం

మా కాలనీలో మిద్దెతోట బృందం పెట్టినప్పుడు ఇరవై మంది దాకా వచ్చారు. మూడు నెలలు తిరిగేసరికి నేనూ పక్కింటి మాస్టారూ మిగిలాం. రాయచూరు దగ్గర యరమరస్‌లో సుజాతగారనే ఆవిడ స్వచ్ఛందంగా వచ్చేవాళ్లతోనే ఏళ్ల తరబడి పెరటితోటల పాఠాలు నడిపిస్తున్నారని తెలిసి, మనుషుల్ని ఎలా నిలుపుకుంటున్నారో చూద్దామని ఒక ఆదివారం బయల్దేరాను.

మహబూబ్‌నగర్‌లో తెల్లవారుజామున బస్సెక్కితే మక్తల్, కృష్ణ వంతెన దాటి ఎనిమిదింటికల్లా రాయచూరు. బస్టాండు ఎదుట బొరుగుల వగ్గరణి, మిర్చి తిని యరమరస్‌కు షేర్ ఆటో ఎక్కాను. ముప్పై రూపాయలు. పొలాల వెనక కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తుంటే, తన భార్య కూడా ఆ పాఠాలకే పోతుందనీ, ఇప్పుడు ఇంట్లో టమాటా కొనడం లేదనీ డ్రైవర్ చెప్పాడు.

సుజాతగారికి రాయచూరులో టైలరింగ్ దుకాణం ఉంది. పాఠాలు జరిగే యరమరస్ బడి ఆవరణలో ఒకరితో తెలుగు, ఒకరితో కన్నడ, ఇంకొకరితో ఉర్దూ మాట్లాడుతూ పనులు పంచుతున్నారు. అంతలో కూలిపని చేసుకునే నర్సమ్మ ఖాళీ నారు ట్రే పట్టుకొని వచ్చింది. వెనకే ఆమె వాడకట్టు ఆడవాళ్లు నలుగురు.

“నాతోని గాదక్కా. వంగనారు రెండోసారి గూడ మాడిపాయె. ఇగ రాను,” అంది.

ఈమె మానేస్తే ఆ నలుగురూ మానేస్తారని సుజాతగారు నాతో మెల్లగా అన్నారు. ట్రే మాత్రం అందుకోలేదు. ఆ రోజు పాఠం ఆపేసి, అందర్నీ నర్సమ్మ ఇంటికి నడిపించారు.

నారుమడి రేకుల గోడకు ఆనుకొని ఉంది. నర్సమ్మే గోడ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. పొద్దెక్కకుండానే రేకు కాలిపోతోంది. నారు పంచింది పాషాగారు, రిటైరైన టీచరు. ఆయనా రేకును తాకి చూశారు.

“నారు ఇచ్చినం గాని ఇల్లు సూడకపోతిమి. తప్పు నీది గాదమ్మా, మాది,” అన్నారు.

నర్సమ్మ ముఖంలో బిగువు సడలింది. అందరం కలిసి ఇంటికి ఉత్తరాన కొత్త మడి కట్టాం. పైన పాత చీర పందిరిలా వేశాం. పని అయ్యాక సుజాతగారు, “వచ్చే ఆదివారం గీ సంగతి నువ్వే చెప్పాలె,” అన్నారు.

“నేనేం చెప్త?”

“గోడ మీద చెయ్యి పెట్టి సూడమని చెప్పు. సాలు.”

చెప్పిందట. నారు కూడా నిలిచిందని, ఇప్పుడు ఎవరి మొక్కలు ఎండితే ఆ వారం పాఠం వాళ్లింట్లోనే పెడుతున్నామని సుజాతగారు తర్వాత ఫోన్లో అన్నారు.

మా బృందంలో రానివాళ్లకు ఆసక్తి లేదనుకున్నానే తప్ప, ఒక్కరి మిద్దె కూడా ఎక్కి చూడలేదు. సుజాతగారు వెళ్లిపోతున్న మనిషి వెంట ఆమె ఇంటిదాకా నడిచారు. ఊరికి వచ్చాక నేనూ ఒక్కో తలుపు తడుతున్నాను. ఇప్పటికి ఆరుగురు తిరిగొచ్చారు.

వెళ్లాలనుకునేవాళ్లు ఆదివారం ఉదయం పదిలోపే చేరండి. బడిలో ఎవరూ లేకపోతే వెనక్కి తిరగొద్దు. ఏ వాకిట్లో చెప్పులు గుంపుగా కనిపిస్తే, ఆ రోజు పాఠం ఆ ఇంట్లోనే.