నలభై రెండో నంబరు పలక

ఉద్యోగ విరమణకు ఇంకా ఏడు నెలలున్నాయనగా, ఒక మాఘమాసంలో నన్ను కరీంనగర్ కార్యాలయం నుంచి మందమర్రి వైపు భూసేకరణ యూనిట్‌కు డెప్యుటేషన్ మీద పంపారు. నా హోదా ఫొటోగ్రాఫర్. పై అధికారి డిప్యూటీ తహసీల్దార్ మేడం. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని కింద పోతున్న ఒక ఊళ్లో ప్రతి ఇంటినీ కూల్చకముందే ఫొటో తీయడం నా పని. అక్కడ చాలా ఇళ్లకు కాగితాలు తాతల పేరు మీదే ఉండేవి. అందుకని ఏ ఇల్లు ఎవరిదో, దాని పరిహారం ఎవరికివ్వాలో విచారణలో ఆ ఫొటోను బట్టే తేల్చేవారు.

పద్ధతి ఇదీ. సర్వేయరు ఇంటి నంబరును సుద్దముక్కతో పలక మీద రాసి యజమాని చేతికిస్తాడు. యజమాని దాన్ని పట్టుకుని గడప ముందు నిలబడాలి. నేను రా ఫైలుగా తీస్తాను. కెమెరా చూసింది చూసినట్టు దాచుకునే ఫైలది. ప్రింటు అన్నమైతే రా ఫైలు బియ్యం. అన్నం మాడితే మళ్లీ వండుకోవచ్చు, బియ్యమే పోతే పస్తు. ఆ తర్వాత మనం వెలుతురు సరిచేసినా, అంచులు కత్తిరించినా, కింద పేరు రాసినా అసలు ఫైలుకు ఏమీ కాదు. ఆ మార్పులన్నీ సాఫ్ట్‌వేర్ తన జాబితాలో విడిగా రాసుకుంటుంది.

నలభై రెండో ఇంటి దగ్గర పని ఆగింది. ఇంటావిడ రాజవ్వ, భర్త పోయి చాలాకాలమైంది. పలక చేతికివ్వగానే ఆమె ముఖం ఎర్రబడింది.

"నేనేమన్న దొంగతనం జేసిన్నా సారూ? ఠాణల దొంగలు నిలబడ్డట్టు పలక పట్టుకోని నిలబడాల్నా?" అని దాన్ని విసురుగా పక్కన పెట్టి, లోపలికి పోయి తలుపేసుకుంది. అదే వాకిట్లో ఎదుటి ఇల్లు ఆమె మరిది మల్లయ్యది. వదిన చూపిన దారే బాగుందనుకున్నాడేమో, అతనూ పలకను సర్వేయరు చేతికే తిరిగిచ్చేశాడు.

రాజవ్వ అన్నది నాకు న్యాయంగానే తోచింది. రెండిళ్లనూ పలక పట్టుకున్న మనిషి లేకుండానే తీశాను. కార్యాలయానికి వచ్చి, అంచుల్లో అడ్డొచ్చినవి కత్తిరించి, సాఫ్ట్‌వేర్‌లో ఫొటో కింద ఉండే గడిలో ఇంటి నంబర్లు టైపు చేశాను. పూర్వం నోటుపుస్తకంలో కూడా రాసుకునేవాణ్ణి. కంప్యూటర్ ఉండగా మళ్లీ రాతెందుకని ఆ అలవాటు మానేశాను.

వేసవి మొదట్లో పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు అయిపోయింది. ఇకపై వేరేది వాడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రా ఫైళ్లను రెండు డిస్కుల్లోకి ఎక్కించి, లెక్క సరిచూసి, పాత కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసి స్టోరుకు అప్పగించాను. విచారణకు రెండు రోజుల ముందు ప్రింట్ల కోసం కొత్త సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఫొటోలన్నీ ఉన్నాయి. వాటి కింద గడులన్నీ ఖాళీగా ఉన్నాయి.

పాతది మూసేముందు జాబితాలో రాసినవాటిని ప్రతి ఫొటో పక్కన ఒక చిన్న ఫైలుగా రాసిపెట్టమని చెప్పాలి. దాన్ని సైడ్‌కార్ అంటారు. ఈ సంగతి కుర్ర ఫొటోగ్రాఫర్లకు పాఠంగా చెప్పినవాణ్ణి నేనే. ఆ మీట నొక్కడం మరిచిపోయాను.

మిగతా ఇళ్లకు ఫికర్ లేదు, పలక చేతిలోనే కనబడుతోంది. ఆ రెండిటికే నోరు లేదు. ఒకటి మూడు గదుల పెంకుటిల్లు, ఒకటి ఒంటిగది రేకుల షెడ్డు. ఊరు అప్పటికే నేలమట్టమైంది. ఏది ముందు తీశానో, ఏది ఎవరిదో నాకు నిజంగా గుర్తు లేదు. మెమో వస్తుంది, పింఛను ఆగుతుంది అన్న భయం మొదట పట్టుకుంది. అసలు భయం మర్నాడు వచ్చింది.

పొద్దున్నే మల్లయ్య వచ్చాడు. "పెంకుటిల్లు నాదే సారూ. మా వదిన ముసల్దైంది, ఏదో ఒకటి అంటది. జర యాది పెట్టుకో" అన్నాడు. అతను పోయిన గంటకు రాజవ్వ వచ్చింది. మూడు గదులూ తన భర్త కట్టినవే అంది. "ఇల్లు కూలగొట్టిండ్లు. గిప్పుడు నా ఇల్లు నీ ఫొటోలనే ఉన్నది సారూ. మంచిగున్నదా?" అని అడిగింది.

మంచిగుందని అబద్ధమాడాను. ఆమె మాటే నిజమనిపించింది, కానీ మేడంకు నా అనిపించడాలతో పనిలేదు. ఊహించి ఒక నంబరు టైపు చేస్తే అడిగేవాడు లేడు. చెయ్యి కీబోర్డు దాకా పోయింది కూడా. తప్పు పడితే ఒక మనిషి ఇల్లు రెండోసారి కూలుతుంది, ఈసారి నా చేత్తో. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ రెండు ఫైళ్లనూ పెద్దవి చేసి గోడగోడా వెతికాను. నేను చేసిన కత్తిరింపులు కూడా జాబితాతోపాటే పోయాయి గనుక, కొత్త సాఫ్ట్‌వేర్ ఫొటోను అంచులతో సహా చూపిస్తోంది. పెంకుటిల్లు ఫొటోలో ఎడమ అంచున, అరుగు మీద గోడకు ఆనుకుని ఒక పలక పక్కకు ఒరిగి ఉంది. తల వంచి చదివాను. నలభై రెండు. చూడ్డానికి బాగాలేదని నేనే కోసి పారేసిన ముక్క అది.

వెంటనే మేడం దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆమె మందలించి, నా తప్పును నాచేతే కాగితం మీద రాయించుకుని ఫైల్లో పెట్టారు. విచారణలో పూర్తి ఫ్రేము ప్రింటు బల్ల మీద పెడితే మల్లయ్య తల దించుకున్నాడు. రాజవ్వ దగ్గరికి వచ్చి ఫొటోలో అరుగు మీది పలకపై వేలు పెట్టింది. "నేను పట్టుకోకపోతేంది, నా ఇల్లు పట్టుకున్నది" అంది.

నా తప్పుకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను, పింఛను ఆగలేదు. మిగిలిన నెలల్లో మరో ఊరు తీశాను. అక్కడ పలకను ఎవరి చేతికీ ఇవ్వలేదు, గుమ్మానికి ఆనించి తీశాను. నంబర్లు నోటుపుస్తకంలో కూడా రాశాను. సాఫ్ట్‌వేర్ మార్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కొత్తదాంట్లో ప్రతి ఫొటో తెరిచి, కింద గడి చదివే దాకా పాత కంప్యూటర్ను తుడవకండి. నేను తుడిచాను. రాజవ్వకు ఇంటి పరిహారం దక్కింది ఆమె కోపం వల్ల, నా పనితనం వల్ల కాదు.