ఆది గాజు

నా చిన్నప్పుడు అంతర్వేది తీర్థమంటే స్వామి దర్శనం ఒక వంతు, కొనుగోళ్ళు మూడు వంతులు. ఉత్తిచేతులతో ఇంటికొస్తే వెళ్ళినట్టే కాదు. జీళ్ళూ, ఖర్జూరం, కుంకుమ పొట్లాలూ, స్వామి పటాలూ సంచుల నిండా తెచ్చి, మర్నాడు ఇంటింటికీ పంచితేనే తీర్థం పూర్తయ్యేది. ఇప్పుడూ పెద్దగా మారిందేమీ లేదు. కొట్టు ముందు నిలబడి ఫోన్లో చూపిస్తూ, ఈ రంగు కావాలా ఆ రంగు కావాలా అని ఇంట్లోవాళ్ళని అడుగుతున్నారు, అంతే తేడా.

ఆ రోజుల్లో ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళకి గాజులు తేవాలంటే ఆది గాజు పట్టుకెళ్ళాలి. ఎవరికి కావాలో వాళ్ళ చేతి గాజు ఒకటి తీసుకెళ్ళి, కొత్తవాటిని దాని మీద పెట్టి సరిచూసి కొనాలి. కొన్నాక ఆ గాజు భద్రంగా తెచ్చి మళ్ళీ వాళ్ళకే ఇవ్వాలి. పోగొట్టుకొస్తే మా ఇళ్ళలో పెద్ద రభస అయ్యేది.

నేను రాజోలు దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కొత్తపేట కోడలిగా వెళ్ళిన మా పిన్ని జబ్బుపడి పుట్టింటికి వచ్చేసింది. పెద్ద డాక్టర్లు చూసి, ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోండి అన్నారట. ఆ మాటకి అర్థం నాకు తెలియదు, పిన్నికి ఎవరూ చెప్పలేదు. తగ్గుతోందో లేదో పాపం తన గాజుల్ని బట్టే చూసుకునేది. చెయ్యెత్తితే అవి మోచేతి దాకా జారిపోయేవి, దించితే వేళ్ళ మీదికి వచ్చేసేవి. "ఇవి మణికట్టు దగ్గర ఆగిన రోజు నేను లేచి తిరుగుతానే" అనేది నాతో.

ఆ మాఘమాసంలో అమ్మమ్మ నన్ను తీసుకుని తీర్థానికి బయల్దేరింది. పిన్ని తన ఎర్రగాజు ఒకటి తీసి నా చేతిరుమాలులో ముడివేసింది. "ఎర్రవే తెమ్మని చెప్పు. ఇది మాత్రం నువ్వే దాచి మళ్ళీ నా చేతికే ఇవ్వాలి" అంది. "ఆయ్" అన్నాను, పెద్ద బాధ్యత నెత్తిన పడ్డట్టు.

మామూలుగా అమ్మమ్మతో తీర్థానికి వెళ్తే కాళ్ళు పీకేవి. ఖర్జూరం రుచి చూడకుండా ఒక్క కొట్టూ దాటదు, బేరం తెగనిదే కదలదు. ఆ రోజు దేనికీ బేరమాడలేదు. గుళ్ళో మాత్రం వెనకనుంచి జనం తోసేస్తున్నా చేతులు జోడించుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత గాజుల కొట్టు దగ్గరికి వచ్చాం. నేను రుమాలు విప్పి ఆది గాజు తీశాను. అమ్మమ్మ దానికేసి చూడకుండానే, బాగా చిన్నవి చూపించి ఇవ్వమంది. "ఈ ఆదికి అవి చాలవండి అమ్మా. మార్చుకోవడానికి మళ్ళీ ఇంత దూరం రాలేరు కదండీ" అంది గాజులావిడ. "చాల్తాయండి, అవే కట్టండి" అంది అమ్మమ్మ. పిన్నికి పట్టవని నేను కొంగు పట్టుకుని లాగితే "నోర్ముయ్" అని కసిరింది. అంతకు ముందెప్పుడూ నన్ను అంత మాట అనలేదు. బస్సులో ఇంటికొచ్చేదాకా మూతి ముడుచుకునే కూర్చున్నాను.

ఇంటికి రాగానే అమ్మమ్మ కాళ్ళైనా కడుక్కోకుండా పిన్ని మంచం మీద కూర్చుని, గాజులు ఒక్కొక్కటే తనే పిన్నికి తొడిగింది. పిన్ని చెయ్యెత్తింది, దించింది. గాజులు మణికట్టు దగ్గరే ఉన్నాయి. పిన్ని మొహం అలా వెలిగిపోవడం ఎన్నాళ్ళకి చూశానో.

"అమ్మా, ఆగేయే!"

"ఆగవా మరి! నీ ఆదికే తెచ్చేను. చెయ్యి కండపట్టింది, చూసుకో" అంది అమ్మమ్మ.

ఆది గాజు ఏదని పిన్ని అడిగింది. అమ్మమ్మ తడుముకోకుండా, "ఆ జనంలో ఇది ఎక్కడో పారేసిందమ్మా" అని నన్ను చూపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత జాగ్రత్తగా తెస్తే ఈ నిందేమిటి? గబగబా రుమాలు విప్పి గాజు పిన్ని అరచేతిలో పెట్టాను. "నేనేం పారెయ్యలేదు. ఇదిగో!"

పాతదీ కొత్తవీ పక్కపక్కన కనిపించాయి. కొత్తది పాతదానిలో ఇట్టే ఇమిడిపోయేంత చిన్నది. అది నాకే కనిపించింది, పిన్నికి కనిపించదా? అమ్మమ్మ గోడవైపు తిరిగి జీళ్ళ పొట్లాలు సర్దడం మొదలుపెట్టింది. సర్దినవే మళ్ళీ సర్దుతోంది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. గాజు వెనక్కి లాక్కుందామా అనిపించింది. లాక్కుని మాత్రం ఏం లాభం? ఏడుపొచ్చింది గాని ఏడవడానికీ భయమేసింది.

పిన్ని ఆ పాత గాజుని చాలాసేపు చూసి, దిండు కింద పెట్టేసింది.

"అమ్మా, ఆ పొట్లాలు అలా వదిలేసి ఇటు రావే. ఈ యేడు గాజులు భలే కుదిరేయి. సరిగ్గా నా సైజే."

"అవునమ్మా" అంది అమ్మమ్మ. ఇటు మాత్రం తిరగలేదు.

ఆ సంగతి వాళ్ళిద్దరూ మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న జీళ్ళు పంచడానికి వెళ్తే, మీ పిన్నికి ఎలా ఉందని అందరూ అడిగారు. చెయ్యి కండపట్టిందండి అని చెప్పాను. ప్రతి ఇంట్లోనూ అదే చెప్పాను. ఉగాది రాకుండానే పిన్ని పోయింది. దిండు కింది గాజు అమ్మమ్మ తన దగ్గరే ఉంచుకుని, ఆవిడ చివరి రోజుల్లో నాకిచ్చింది. ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

కిందటి వర్షాకాలంనుంచి నాకూ ఒంట్లో బాగుండడం లేదు. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ మా అమ్మాయి కారులో కళ్ళు తుడుచుకుంటుంది, నేను కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తాను. ఈ యేడు మా అమ్మాయీ, దాని కూతురూ అంతర్వేది వెళ్ళొచ్చారు. "నీ ఆదికే తెచ్చేనమ్మమ్మా" అంటూ మా మనవరాలు నా పక్కన కూర్చుని గాజులు తొడిగింది. అవి మణికట్టు దగ్గర చక్కగా ఆగాయి. మా అమ్మాయి తలెత్తకుండా జీళ్ళ పొట్లాలు సర్దుతోంది.

నా చెయ్యి ఎంతో నాకు తెలియదా! ఒకసారి ఎత్తాను, దించాను.

"భలే కుదిరేయే, సరిగ్గా నా సైజే" అన్నాను, మా అమ్మాయికి వినిపించేలా.