సేడీ ఇంటి ముందు కదలని బండి

కెనడాలో మా కేప్ బ్రెటన్ తీరంలో ఇంటిపేరు చెబితే సగం ఊరు పలుకుతుంది. అందుకే సేడీని అందరూ సేడీ ఏంగస్ రోరీ అంటారు. ఏంగస్ తండ్రి, రోరీ తాత. చేపల ఫ్యాక్టరీలో చేతులు అరగదీసుకుంది, పెళ్లి చేసుకోలేదు. ఆస్తి అంటే వాళ్లమ్మ పెగ్గీ నేర్పిన గేలిక్ పాటలే. స్కాట్లాండ్ నుంచి మా పెద్దలు వెంట తెచ్చుకున్న భాష అది, ఇప్పుడు వచ్చినవాళ్లు కొద్దిమందే.

బండ్లకు గేలిక్ మాటలు రాసిన నంబరు ప్లేటు ప్రభుత్వం తెచ్చింది. దానికి అదనంగా కట్టే డబ్బు గేలిక్ సంఘాలకు పోతుంది. మా ఊళ్లో ముందుగా దాన్ని కారుకు బిగించుకున్నది మార్లీన్. హాలిఫాక్స్ నగరంలో టీచరుగా రిటైరై వచ్చి, క్లాసుల్లో కూర్చుని భాష నేర్చుకున్న మనిషి. ఇక చర్చి ఫాదర్ దగ్గర్నుంచి కొట్టువాడి దాకా ఆ కారు కనిపిస్తే చాలు, చెయ్యెత్తి గేలిక్‌లో పలకరించడమే. సేడీకి ఒళ్లు మండింది. అమ్మ ఒళ్లో నేర్చిన భాష నాది, పలకరింపులు దానికా అని నా వంటింట్లో కూర్చుని ఓట్ కేకులు నమిలేసింది. వారం తిరక్కుండా తన బండికీ ప్లేటు తెచ్చింది. బ్రేకులు పోయి ఎన్నాళ్లుగానో పడి ఉన్న పికప్ అది. ప్లేటు రోడ్డు మీదికి కనపడేలా గేటు పక్కకి తోయించింది. తోసినవాళ్లలో నేనూ ఉన్నాను, నడుము ఇప్పటికీ పట్టేస్తుంది.

ఆ తర్వాత మార్లీన్ వచ్చి పెగ్గీ పాట ఒకటి నేర్పమని అడిగింది. సేడీ తలుపు దగ్గరే నిలబెట్టి, నీ కారునే అడుగు అని పంపేసింది.

ప్లేట్ల డబ్బుతో ఊరి హాల్లో కంబళి పాటల సాయంత్రం పెట్టారు. తడిపిన ఉన్ని గుడ్డను దట్టంగా అయ్యేలా బల్లకేసి బాదుతూ ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లం పల్లవి అందుకోవాలి. మార్లీన్ ఎత్తుకున్నది పెగ్గీ పాటే. సేడీ పాడుతుండగా విని పట్టుకుంది కాబోలు. మూడో చరణంలో మాట తప్పింది. అలాంటప్పుడు పాట తెలిసినవాళ్లు మాట అందించేదాకా పల్లవే తిప్పుతాం. తిప్పాం, మళ్లీ తిప్పాం. అందరి చూపూ సేడీ మీదే. ఆవిడ మూతి బిగించుకుని గుడ్డ బాదుతూ కూర్చుంది. చివరికి చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మార్లీన్ మొహం ఎర్రబడింది. సేడీ కళ్లల్లో సంతోషం నేను చూశాను.

టీ దగ్గర ముసలి హెక్టర్ మెల్లిగా అన్నాడు. "గెలిచావులే సేడీ. మీ అమ్మ పాట సగంలో ఆగడం నేనెప్పుడూ చూళ్లేదు. నువ్వు పోయాక అందించేదెవరే?"

సేడీ టీ తాగలేదు. మర్నాడు నడుచుకుంటూ మార్లీన్ ఇంటికి వెళ్లింది. గుమ్మంలోనే నిలబడి, "నేర్పుతాను. కానీ ఎత్తుకునే ముందు పాట ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పాలి. చెప్పకపోతే అది దొంగ సొత్తు," అంది.

చలికాలమంతా గేలిక్ ప్లేటున్న బండ్లు రెండూ సేడీ గేటు దగ్గరే కనిపించాయి.

మళ్లీ గుడ్డ తడిపినప్పుడు మార్లీన్ గొంతు సవరించుకుంది. "ఈ పాట నాకు సేడీ ఏంగస్ రోరీ ఇచ్చింది. ఆమెకు వాళ్లమ్మ పెగ్గీ ఇచ్చింది," అని చెప్పి మొదలుపెట్టింది. ఒక్క మాట తప్పలేదు. హాలంతా పల్లవిలో ఊగిపోయింది.

సేడీ నా వైపు వంగింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"గొంతు నాకంటే బాగుంది, దీని దుంపతెగ," అని గుడ్డను ఇంకాస్త గట్టిగా బాదింది.