బాలమణి పన్నెండు గాజులు

నోరు తెరవాల్సిన రోజున నేను తెరవలేదు. అయినా నా ఊపిరి తీసివేయక ఇన్నేళ్ళు నిలబెట్టిన దేవునికి ముందుగా స్తుతి, స్తోత్రం. ఆయన ఓర్పే లేకపోతే ఈ మాటలు రాసే చెయ్యి ఉండేది కాదు. మంచి చేసినందుకు ఆయనను స్తుతించడం సులువు. చెడు చేసిన నన్ను చూస్తూ కూడా మాట్లాడడం మానలేదు కనుక స్తుతిస్తున్నాను.

అది 1998 ఎండాకాలం. మేడ్చల్ రోడ్డు పక్కన ఒక ఫ్లైట్ కిచెన్‌లో నేను ట్రే సెట్టింగ్ సూపర్‌వైజర్‌ని. ఫ్లైట్ కిచెన్ అంటే విమానంలో పెట్టే భోజనం తయారుచేసే వంటశాల. విమానంలో ఎవరూ వండరు. మేము వండి, చల్లార్చి, సర్ది పంపినదాన్ని అక్కడ ఓవెన్‌లో వేడిచేసి వడ్డిస్తారు. మా లారీ బేగంపేట విమానాశ్రయం చేరడానికి గంట పట్టేది. లారీ ఆలస్యమైతే విమానం ఆగుతుంది, విమానం ఆగితే మా మేనేజరు మూర్తి గారి టేబుల్ మీద ఫోను ఆగకుండా మోగుతుంది.

వెనక కూర్చునే ఎకానమీ ప్రయాణికులకు అన్నీ ప్లాస్టిక్‌వి పెట్టేవాళ్ళం. ముందు వరసల్లో బిజినెస్ క్లాసుకు మాత్రం పింగాణీ పళ్ళెం, స్టీలు చెంచాలు, ఇస్త్రీ చేసిన గుడ్డ రుమాలు, అసలైన గ్లాసు. సలాడు, బ్రెడ్డు, వెన్న, మిఠాయి గిన్నె అన్నీ ఒక ట్రేలో ఎక్కడివక్కడ ఉండాలి. గిన్నె అంచు మీద వేలిముద్ర కనిపించినా ఆ ట్రే వెనక్కి వచ్చేది.

ఆ ట్రేలు సర్దే ఆడవాళ్ళలో బాలమణి చెయ్యి అందరికంటే చురుకు. శామీర్‌పేట చెరువు కింద కొద్దిపాటి పొలమున్న ఇంటి కోడలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. వచ్చిన మొదటి వారమే నన్ను అడిగింది.

"సారూ, ఒక్క మనిషికి ఇన్ని గిన్నెలా? మా ఆడిబిడ్డ పెండ్లిల గూడ గిన్ని గిన్నెలు లెవ్వు."

"పెద్దోళ్ళు బాలమణీ."

"పెద్దోళ్ళయితే పెద్ద గిన్నె వెట్టాలె గని, గీ చిన్న చిన్నయి నాలుగు వెడ్తరా? వడ్డించినట్టు లేదు, కోడిపిల్లలకు నూకలు జల్లినట్టున్నది."

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా మాస్కుల వెనక నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె భర్త నర్సింలుకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్, అంటే మిషను మీద రక్తం శుద్ధి చేయించాలి. మా కంపెనీ ఇచ్చిన దవాఖాన కార్డు మీద అది జరిగేది. ఆమె ఉద్యోగం పోతే కార్డు పోతుంది. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

కిచెన్ గేటు దగ్గర ఒక నియమం ఉండేది. ఉంగరం, గడియారం, పూలు, గాజులు ఏవీ లోపలికి రాకూడదు. బాలమణి ఉంగరం తీసింది, పూలు తీసింది, గాజుల దగ్గర ఆగిపోయింది.

"గాజులు తియ్య సారు. మనిషి మంచంల ఉన్నడు. ఆయన పాణంతోని ఉండంగ ఉత్త చేతులు ఎట్ల వెట్టుకోవాలె? మా అత్త జూస్తే ఏమంటది? అత్త సంగతి ఇడిసిపెట్టు, నా పాణమే ఒప్పది."

మా క్రైస్తవ సంఘంలో గాజులకు ఆ అర్థం లేదు. నేను ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. శకునాలు నమ్మవద్దని చెప్పిన నోరే నాది. కాని మంచాన ఉన్న మగడి కోసం గాజులు విడవని చేతులకు పాఠం చెప్పబుద్ధి కాలేదు. దెబ్బలకు కట్టే పట్టీ తెప్పించి గాజుల మీద గట్టిగా చుట్టించాను. దాని మీద పొడుగు చేతుల కోటు, కోటు మీద గ్లౌజు. చేతికి ఆరు చొప్పున పన్నెండు ఆకుపచ్చ మట్టిగాజులు. ప్రతి ఉదయం గేటు దగ్గర నేనే లెక్కపెట్టేవాణ్ణి, సాయంత్రం వెళ్ళేటప్పుడూ లెక్కపెట్టేవాణ్ణి. నియమం తప్పాను, అయితే దయతో తప్పానని నా మనసుకు సర్దిచెప్పుకున్నాను. మూర్తి గారికి చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఢిల్లీ విమానం ట్రేల్లో మిఠాయి, వెన్న మాత్రమే పెట్టాల్సి ఉండగా విమానాశ్రయం నుంచి ఫోను వచ్చింది. బిజినెస్ క్లాసులో ఇంకో ఇద్దరు పెరిగారు, రెండు ట్రేలు ఎక్కువ పంపమన్నారు. బయట లారీ ఇంజను ఆన్‌లో ఉంది. బాలమణి ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా గిన్నెల్లో పెట్టి, వాటిని టేబుల్ మీద వరసగా ఉంచి, వెన్న తేవడానికి చల్లగదికి వెళ్ళింది. నేనే రెండు గ్లాసులు ఒక్క చేత్తో లాగాను. ఒకటి స్టీలు టేబుల్ అంచుకు తగిలి అడుగు చిట్లింది.

గ్లాసు పగిలితే చేయాల్సింది ఏమిటో నేనే అందరికీ నేర్పాను. పని ఆపాలి. ఆ టేబుల్ మీద మూత లేకుండా ఉన్న తిండి మొత్తం పారబొయ్యాలి. బ్రేకేజ్ రిజిస్టర్‌లో, అంటే పగిలినవి రాసే పుస్తకంలో రాయాలి. తర్వాతే మళ్ళీ మొదలుపెట్టాలి. అలా చేస్తే లారీ అరగంట ఆగుతుంది.

నేను తడిగుడ్డతో తుడిచాను. దగ్గరగా ఉన్న రెండు గిన్నెలు తీసేశాను. మిగతావాటిని కంటితో చూశాను. ఎర్రగా, చిక్కగా, మీగడ కింద ఉన్న ఖుబానీలో కన్ను ఎంత లోతుకు పోతుంది? "దేవుడు చూసుకుంటాడు" అనుకున్నాను. బాలమణి వెన్న తెచ్చేసరికి టేబుల్ శుభ్రంగా ఉంది. లారీ వేళకు వెళ్ళింది. గేటు మూసుకోగానే చేతులు జోడించి స్తోత్రం చెప్పుకున్నాను. నా జీవితంలో చేసిన స్తోత్రాల్లో దొంగ స్తోత్రం అదే.

మూడో రోజు ఒక కవరు వచ్చింది. ఎప్పుడూ ఆ విమానంలోనే తిరిగే ప్రయాణికుడికి మిఠాయిలో పెంకు వచ్చి నాలుక తెగింది, కుట్లు పడ్డాయి. ఆ పెంకును కవరులో పెట్టి పంపారు. మూర్తి గారు దాన్ని తెల్లకాగితం మీద పోశారు. బియ్యపు గింజంత ఉంది.

"ఆకుపచ్చగా ఉంది చూశారా ప్రకాశం గారూ? ఆ టేబుల్ మీద ఎవరండీ పనిచేసింది?"

తెల్లగ్లాసు పెంకును పక్కనుంచి చూస్తే లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది. పైనుంచి చూస్తే రంగు ఉండదు. మట్టిగాజు ముక్కకు ఎటునుంచి చూసినా ఒకటే రంగు, వంపు కూడా ఉంటుంది. పదేళ్ళుగా గ్లాసులతో పనిచేసినవాణ్ణి. అది గ్లాసు పెంకేనని నాకు చూడగానే తెలిసింది.

బాలమణిని పిలిపించారు. కోటు చెయ్యి పైకి లాగమన్నారు. పట్టీ కనబడింది.

"ఇదేంటమ్మా ఇది? వంటింట్లోకి గాజులేసుకొచ్చావా?"

"నా గాజు ఒక్కటి వలగలే సారు. తీసి సూపిస్త."

వద్దనడానికి నాకు సమయం ఉంది. వద్దనలేదు. మగడు బతికుండగా తియ్యనన్న ఆ గాజులను ఆమె కుళాయి దగ్గర సబ్బు రాసుకుని తీసింది. మణికట్లు ఎర్రగా కందిపోయాయి. తడిచేతులతో వచ్చి మూర్తి గారి టేబుల్ మీద ఒక్కొక్కటే పేర్చింది.

"పన్నెండు. జూస్కోండ్రి. అన్ని గుండ్రంగనే ఉన్నయి."

"సరేనమ్మా, పన్నెండున్నాయి. ఆ రోజు పొద్దున పదమూడు లేవని గ్యారంటీ ఏంటి?"

"ప్రకాశం సారుకు ఎర్కే. దినాం గేటు కాడ సారే లెక్కవెట్టి పట్టీ ఏపిస్తడు. సారును అడుగుండ్రి."

ఆమె నా వైపు తిరిగింది. ఆ చూపులో భయం లేదు. సాక్షి దొరికిన మనిషి నెమ్మది ఉంది.

"నిజమేనా ప్రకాశం గారూ?"

"నాకు తెలియదు సార్. నేను చూడలేదు."

భయంతో తన ప్రభువునే ఎరుగనన్న శిష్యుడి సంగతి ఆదివారం బడిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ పిల్లలకంటే ముందు నాకే కోపం వచ్చేది, అంత దగ్గరివాడు అలా ఎలా అన్నాడని.

బాలమణి ఏడవలేదు. "గట్లనా సారు" అంది. అంతే. ఒట్టి చేతులతో బయటికి వెళ్ళిపోయింది. ఆ రోజుతో ఆమె ఉద్యోగం పోయింది. ఆ గాజులను చెత్తలో వెయ్యమని మూర్తి గారు చెప్పారు. నేను వాటిని కాగితంలో చుట్టి నా లాకర్లో పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు తెలియలేదు.

రెండు ఆదివారాల తర్వాత ఆరాధన అయిపోయాక మా పాస్టరు అయ్యగారి దగ్గర కూర్చుని అంతా చెప్పాను. బాగా ఏడ్చాను. ఏడ్చాక గుండె తేలికైంది కూడా. ఆయన నా ఏడుపు ఆగేదాకా చూసి అడిగారు.

"ఈ మాట ఆమెకు చెప్పినవా?"

"లేదయ్యగారూ."

"మీ మేనేజరుకు?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? దేవునికి ముందే ఎర్కే. ఎర్కలేనోళ్ళు ఆళ్ళిద్దరే. ఆడికి వోవుడు వదిలిపెట్టి నా కాడ కండ్లు తుడ్సుకుంటున్నవ్."

అయినా నా కాళ్ళు కదలడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. చివరికి జరిగినదంతా కాగితం మీద రాసి మూర్తి గారికి ఇచ్చాను. ఆయన చదివి తల పట్టుకున్నారు.

"ఇప్పుడా అండీ చెప్పేది? రిపోర్టు పైకి వెళ్ళిపోయింది, ఆవిణ్ణి తీసేశామని రాసేశాం. ఇప్పుడు తిరగదోడితే మన కిచెన్‌నే తీసేస్తారు. ఇక్కడున్న అందరి కూడూ పోతుంది."

నేను అదే కాగితాన్ని పై ఆఫీసుకూ పంపాను. నన్ను సూపర్‌వైజర్ పని నుంచి తీసేసి గిన్నెలు కడిగే చోట వేశారు. బాలమణిని మాత్రం వెనక్కి పిలవలేదు.

ఆ తర్వాత వచ్చిన మొదటి సెలవు రోజున శామీర్‌పేట బస్సెక్కాను. సంచిలో ఆ గాజుల పొట్లం ఉంది. ఇల్లు అడిగితే ఒకాయన చెయ్యి చూపించి, "ఆల్లింట్ల మొన్న దినం అయింది. నువ్వు సుట్టానివా?" అన్నాడు. దినమంటే చావు తర్వాతి కర్మ; పోయింది నర్సింలు. కార్డు పోయాక అతన్ని సర్కారు దవాఖానకు తిప్పారట. అక్కడ మిషను కోసం వరుస. రెండు వారాల్లో నాలుగుసార్లు ఎక్కాల్సినవాడు ఒక్కసారి ఎక్కాడట. కార్డు ఉంటే ఇంకా ఎన్నాళ్ళు బతికేవాడో ఏ డాక్టరూ చెప్పలేడు. నేనూ చెప్పలేను. కాని ఆ వరుసలో అతన్ని నిలబెట్టింది నేనే.

బాలమణి వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టింది. నిలబడే అంతా చెప్పాను. గ్లాసు పగలగొట్టింది నేనని, రాయకుండా దాచింది నేనని, పన్నెండని తెలిసీ తెలియదన్నానని. చెప్పి పొట్లం ముందు పెట్టాను. ఆమె విప్పి చూసింది.

"ఇప్పుడు తెచ్చినవా సారు?"

ఆమె పొట్లాన్ని మళ్ళీ చుట్టి గడప మీద పెట్టింది.

"ఆ దినం ఉత్త చేతులతోని ఇంటికొచ్చిన. మా అత్త జూసింది. ఆయన వోయినకాన్నుంచి ఒక్కటే మాట, కొడుకు పాణం ఉండంగనే గాజులు దీసినవ్, నువ్వే తోలినవ్ అని. నాతోని అన్నం ముట్టది. నీ తప్పు నాకు జెప్పి నేనేం జేసుకోవాలె? పో, ఆమెకు జెప్పు."

అత్త లోపల మంచం మీద పడుకుని ఉంది. ఆమె పక్కన నేల మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఏడుపు రాలేదు. ముసలామె మంచం మీదనే నా వైపు తిరిగింది.

"నా కోడలుతోని గాజులు దీపిచ్చింది నువ్వా?"

"నేనే అవ్వా."

"అది తియ్యనన్నదా?"

"నౌకరి వోయినా తియ్యనన్నది. నేను నిజం దాస్తే, తన గాజు వలగలేదని సూపిచ్చేటందుకు దీసింది."

ముసలామె గోడవైపు తిరిగి, "బాలమణీ" అని పిలిచింది. కోడలు గుమ్మంలోకి వచ్చింది. "ఇంత సద్ది ఉంటే తే. ఇద్దరం తిందాం." నేను వచ్చేస్తుంటే బాలమణి ఆ పొట్లాన్ని నా సంచిలో తిరిగి పెట్టింది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆ వృత్తిలోనే ఉన్నాను. కొన్నాళ్ళకు మళ్ళీ ట్రేల దగ్గరికి వచ్చాను. నా టేబుల్ మీద ఎవరి చేతిలో ఏది పగిలినా ముందు గట్టిగా "పగిలింది" అని అరవాలని, ఆ కేక వినగానే అందరూ చేతులు పైకెత్తాలని నేర్పాను. లారీ ఆగితే ఆగనిమ్మన్నాను. "దేవుడు చూసుకుంటాడు" అన్న మాట మాత్రం పని దగ్గర మళ్ళీ అనలేదు. ఆయన చూస్తూనే ఉన్నాడు. చూసి చెప్పాల్సింది నేను.

ఆ పన్నెండు గాజులు ఇప్పటికీ నా బైబిలు పక్కన పెట్టెలో ఉన్నాయి. ఒక్కటీ పగలలేదు.

చదువుతున్న సహోదరీ సహోదరులారా, ఈ ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, శామీర్‌పేటలోని ఆ అత్తాకోడళ్ళు కూర్చున్న చోట నీవు కూర్చో. నిజం చెప్తామని ఎవరో మా వైపు చూస్తున్నప్పుడు మా నోరు తెరువు. ఆలస్యంగా తెరిచిన నోళ్ళను కూడా పూర్తిగా మూసివేయకు. ఆమేన్.